సరిహద్దు ఆసుపత్రిలో కంప్యూటర్ రికార్డు: నర్సుల కోసం మెట్టు మెట్టుగా

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు పనిచేసే తెలుగు నర్సుకు రోజూ మూడు నాలుగు భాషలతో పని. రోగి తెలుగులోనో, ఆదివాసీ భాష కువిలోనో బాధ చెప్పుకుంటాడు. డాక్టరుతో ఒడియాలో మాట్లాడాలి. తెరమీద గడులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మహారాష్ట్రలో ప్రాణహిత, గోదావరి కలిసే సిరోంచలోనో, రాజురా, కిన్వట్‌లలోనో ఉన్నవారికి ఒడియా స్థానంలో మరాఠీ, కువి స్థానంలో గోండి వచ్చి చేరతాయి, అంతే తేడా.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందనగానే జిల్లా కేంద్రంలో ఒక పూట శిక్షణ పెడతారు. అక్కడ నమూనాగా చూపించే రోగి పేరు చక్కగా రెండు ముక్కల్లో ఉంటుంది, పుట్టిన తేదీ స్పష్టంగా ఉంటుంది, నెట్‌వర్క్ పోదు. మన వార్డులోకి అలాంటి రోగి ఇంకా రాలేదు. కాబట్టి శిక్షణలో చెప్పని సంగతులకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మీరు నింపే గడిని రేపు సరిహద్దుకు అవతల ఉన్న మరో నర్సు చదువుతుంది. రాయగడ రోగి విశాఖపట్నం కేజీహెచ్‌కు వెళ్తాడు, సిరోంచ రోగి వరంగల్ ఎంజీఎంకు వెళ్తాడు, శ్రీకాకుళం ఆడపడుచు గజపతి జిల్లాలో కాపురం చేస్తూ తొలికాన్పుకు పుట్టింటికి వెళ్తుంది. ఆ నర్సు మిమ్మల్ని ఎరగదు, అనుమానం వస్తే అడగడానికి ఆమె దగ్గర మీ ఫోను నంబరు ఉండదు.

1. మీ తెర ఏదో ముందు తేల్చుకోండి

పోర్టళ్ల పేర్లు వింటేనే సగం మందికి గుండె జారిపోతుంది. నిజానికి అన్నీ నేర్చుకోవలసిన పని ఎవరికీ లేదు. గర్భిణులు, పిల్లల వివరాలకు ఆర్‌సీహెచ్ పోర్టల్ ఉంది, ఏఎన్ఎంల ట్యాబ్‌లో అదే అన్మోల్ రూపంలో కనిపిస్తుంది. టీకాలకు యూ-విన్, టీకాల నిల్వకు, ఫ్రిజ్ ఉష్ణోగ్రతకు ఈ-విన్, క్షయకు నిక్షయ్. ముప్పై ఏళ్లు దాటినవారి బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలకు ఎన్‌సీడీ పోర్టల్. జ్వరాలు, విరేచనాల నిఘాకు ఐహెచ్ఐపీ. దూరవైద్యానికి ఈ-సంజీవని. నెలవారీ లెక్కలకు హెచ్ఎంఐఎస్. వీటికి తోడు ఆసుపత్రి లోపల ఓపీ చీటీ, అడ్మిషన్, ల్యాబ్, డిశ్చార్జి నడిపే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది.

వీటిని రెండు కుప్పలు చేసి చూడండి. ఒకటి మనిషి పేరున నడిచేవి, రెండోది అంకెలు మాత్రమే అడిగేవి. 2008లో మొదలైన హెచ్ఎంఐఎస్ రెండో రకం: ఈ నెల ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు అని అడుగుతుంది, ఎవరికి అని అడగదు. ఆర్‌సీహెచ్, నిక్షయ్ మొదటి రకం. అంకెల్లో తప్పు దొర్లితే వచ్చే నెల మందుల సరఫరా, పై అధికారుల అంచనా తారుమారవుతాయి. పేరున్న చోట తప్పు దొర్లితే ఒక మనిషికి ఇవ్వవలసిన మందు మరొకరికి వెళ్తుంది. అందుకే మొదటి రకాన్ని ముందు నేర్చుకోండి, రెండోది దాని నుంచే కూడికగా రావాలి.

చేరిన మొదటి వారంలో ఇన్‌ఛార్జి సిస్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. నేను నింపవలసిన తెరలు ఏవి? నేను కాగితంపై రాసినదాన్ని ఎక్కించేది ఎవరు? రాత్రి తెర ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలి? మూడో ప్రశ్నకు జవాబుగా వచ్చిన నంబరును డ్యూటీ గది గోడకు అంటించండి.

ఒకే సమాచారాన్ని రిజిస్టరులో ఒకసారి, తెరమీద ఒకసారి, వాట్సాప్ గ్రూపులో మరోసారి ఇవ్వవలసి వస్తోందని చాలామంది మొత్తుకుంటారు. ఆ బాధ నిజమే. దీనికి గొణుక్కోవడం కన్నా పనికొచ్చే దారి ఒకటుంది: ఒక వారంపాటు ఏది ఎన్నిసార్లు రాశారో పట్టికగా వేసి, ఏ రెండు ఒకటేనో చూపిస్తూ లిఖితపూర్వకంగా ఇన్‌ఛార్జికి ఇవ్వండి. నోటిమాటకు రిజిస్టరు ఆగిపోదు, కాగితానికి అప్పుడప్పుడైనా ఆగుతుంది.

2. మీ పేరు, మీ తాళం

భారత నర్సింగ్ కౌన్సిల్ నడిపే నమోదు వ్యవస్థ ద్వారా ప్రతి నర్సుకూ జాతీయ విశిష్ట సంఖ్య వస్తుంది. ఆంధ్రలోనో తెలంగాణలోనో చదివి ఒడిశా, మహారాష్ట్రల్లో చేరినవారు కొత్త రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు పూర్తి చేసుకుని, సర్టిఫికెట్లలో, ఆధార్‌లో, కౌన్సిల్‌లో పేరు ఒకే అక్షరాల్లో ఉందో లేదో చూసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఆరోగ్య వృత్తి నిపుణుల జాబితాకు కూడా ఇవే వివరాలు అడుగుతారు.

లాగిన్ విషయంలో మొహమాటం పనికిరాదు. వార్డు మొత్తానికి ఒకే పాస్‌వర్డ్, అదీ మానిటర్ అంచున చీటీమీద రాసి ఉండటం చాలాచోట్ల కనిపించే దృశ్యం. ఎవరు ఏ నిమిషాన ఏ గడి మార్చారో సాఫ్ట్‌వేర్ తనలో దాచుకుంటుంది. మీ పేరుతో మరొకరు ఇంజెక్షన్ ఇచ్చినట్టు నమోదు చేస్తే రేపు విచారణలో నిలబడవలసింది మీరే. "దీదీ, ఒక్క నిమిషం మీ లాగిన్ ఇవ్వరా" అని ఎవరైనా అడిగితే, మీరే పక్కన కూర్చుని వారి లాగిన్ తెరిపించండి. కుర్చీ నుంచి లేచేటప్పుడు లాగవుట్ అవడం చేతికి అలవాటు కావాలి.

3. కొత్త నమోదుకు ముందు పాత మనిషిని వెతకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. కొత్త రోగి అని నమోదు చేయడానికి అర నిమిషం చాలు, పాతవాడిని వెతకడానికి నాలుగు నిమిషాలు పట్టవచ్చు. వరుసలో ముప్పైమంది నిలబడి ఉంటే ఎవరైనా అర నిమిషం దారే పడతారు. ఫలితంగా ఒకే మనిషికి మూడు రికార్డులు తయారవుతాయి. పెన్సిలిన్ పడదన్న సంగతి ఒకదానిలో, రక్తపు గ్రూపు రెండోదానిలో, నిన్నటి ల్యాబ్ ఫలితం మూడోదానిలో ఉండిపోతాయి.

సరిహద్దులో ఈ ముప్పు రెట్టింపు. కారణం పేర్లు. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావారు చివర రాస్తారు. మరాఠీవారు ముందు తమ పేరు, తరువాత తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు పెడతారు. తెలుగు రోగి పేరును సిరోంచలో నమోదు చేసేటప్పుడు మధ్య గడి ఖాళీగా ఉండకూడదని గుమస్తా తండ్రి పేరు కలిపేస్తే, వరంగల్‌లో ఆ మనిషి దొరకడు.

అక్షరాల తంటా మరొకటి. సావిత్రి అనే పేరునే చూడండి. తెలుగువారు ఇంగ్లీషులో రాసేటప్పుడు 'త'కు 'టీ' పక్కన 'హెచ్' పెడతారు. మరాఠీవారు 'టీ' ఒక్కటే రాస్తారు. ఒడియాలో 'వ' పలుకుబడి 'బ' కాబట్టి 'వీ' బదులు 'బీ' వస్తుంది, సాబిత్రి అవుతుంది. వెంకట బెంకట అవుతాడు, వాసుదేవ్ బాసుదేబ్ అవుతాడు. లక్ష్మిలో 'కె, ఎస్, హెచ్' రాసేవారు కొందరు, 'ఎక్స్' ఒక్కటి రాసేవారు కొందరు. పూర్తి పేరు కొట్టి వెతికితే యంత్రం "ఎవరూ లేరు" అంటుంది. అది అబద్ధం చెప్పడం లేదు, మీరు అడిగిన అక్షరాలతో ఎవరూ లేరని మాత్రమే చెబుతోంది.

అందుకే వెతికే వరుస ఇలా పెట్టుకోండి. మొదట రోగి చేతిలో ఉన్న ఏదైనా సంఖ్య: ఆభా సంఖ్య (దేశమంతటా చెల్లే ఆరోగ్య ఖాతా సంఖ్య, దీని గురించి కింద చెబుతాను), ఆర్‌సీహెచ్ సంఖ్య, నిక్షయ్ ఐడీ, పాత ఓపీ చీటీ. అది లేకపోతే ఫోను నంబరు. ఇంట్లో అందరికీ ఒకే ఫోను ఉండవచ్చు కాబట్టి వచ్చిన జాబితాలో వయసు, లింగం చూసి ఎంచాలి. అదీ కాకపోతే పేరులో మొదటి మూడు అక్షరాలు మాత్రమే కొట్టి, ఊరితో వడకట్టండి. 'వ' దొరక్కపోతే 'బ'తో మరోసారి. ఇంతా చేసి దొరక్కపోతే అప్పుడు కొత్త నమోదు, అదీ ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే. ఇంట్లో పిలిచే పేరుకు వేరే గడి ఉంటే అందులో రాయండి. ఊళ్లో ఆశ కార్యకర్తకు తెలిసేది ఆ పేరే.

దొరికిన మనిషి ఈయనే అని ఖాయం చేసుకోవడానికి కనీసం రెండు గుర్తులు కలవాలి. "మీ పేరు అప్పలస్వామేనా?" అని అడగకండి. జ్వరంతో ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు. "మీ పేరేమిటి బాబూ, మీ నాన్న పేరేమిటి?" అని అడిగి ఆయన నోటితో చెప్పించండి. పుట్టిన తేదీని గుర్తుగా ఎక్కువ నమ్మవద్దు. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసిన పెద్దవాళ్లలో చాలామందికి కార్డులో జనవరి 1 పడి ఉంటుంది. ఒకే ఊరి నుంచి జనవరి 1న పుట్టినవారు పదిమంది వస్తారు.

ఇక ఊరి పేరు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొటియా గ్రామాలపై ఒడిశాకు, ఆంధ్రకు మధ్య వివాదం ఉంది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలోని కొన్ని ఊళ్ల విషయంలో మహారాష్ట్ర, తెలంగాణల మధ్య అలాంటిదే. అక్కడివారి దగ్గర రెండు రాష్ట్రాల కార్డులు ఉండటం అందరికీ తెలిసిన సంగతే. ఏ కార్డు అసలుదో తేల్చడం మన పని కాదు, ఆ మాట రోగి ముందు ఎత్తనే వద్దు. రెండు కార్డుల వెనుక ఉన్నది ఒకే మనిషి అని గుర్తుపట్టి, ఒకే రికార్డులో ఉంచడం మాత్రం మన పనే.

ఇక్కడ ఆభా బాగా పనికొస్తుంది. పద్నాలుగు అంకెల ఈ సంఖ్య 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన డిజిటల్ మిషన్‌లో భాగం. రాష్ట్రం మారినా సంఖ్య మారదు. రోగులకు మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. ఆభా వైద్యం ఖర్చు కట్టదు, డబ్బు భరించే ఆయుష్మాన్ కార్డు వేరు. ఆభా తీసుకోవడం ఇష్టపూర్వకం, లేదని వైద్యం ఆపకూడదు. ఒక ఆసుపత్రిలోని రికార్డు మరో ఆసుపత్రికి కనిపించాలంటే రోగి సమ్మతి ఇవ్వాలి. ఆధార్‌కు జోడించిన ఫోను నంబరుకే ఓటీపీ వెళ్తుంది కాబట్టి, ఆ సిమ్ము పోయి ఏడాదైందని ఓపీ వరుసలో తెలుసుకోవడం కన్నా, వార్డులో తీరిక దొరికిన మధ్యాహ్నం ఆ పని పెట్టుకోవడం మేలు.

4. తేదీలు: పండుగను క్యాలెండర్‌లోకి తెచ్చే పని

గర్భిణి నమోదులో మొత్తం లెక్కకు మూలం చివరి నెలసరి మొదటి రోజు. తెర ఒక్క తేదీ అడుగుతుంది. ఆమె చెప్పేది తేదీ కాదు, పండుగ. "కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందమ్మా" అంటుంది. ఎవరి కొత్త సంవత్సరం? 2025లో తెలుగువారి ఉగాది, మరాఠీవారి గుడి పడ్వా మార్చి 30న వచ్చాయి. ఒడియావారి పణా సంక్రాంతి ఏప్రిల్ 14న వచ్చింది. అడగకుండా గడి నింపితే పదిహేను రోజులు తేడా. నెలలు నిండాయా లేదా అని తేల్చేటప్పుడు పదిహేను రోజులంటే చాలా పెద్ద మాట.

నెలల పేర్లతోనూ జాగ్రత్త. తెలుగు, మరాఠీ పంచాంగాల్లో నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావారి చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది. అందుకే దీపావళి అమావాస్య మనకు ఆశ్వయుజం, వారికి కార్తికం. శుక్లపక్షంలో పేరు కలుస్తుంది, బహుళపక్షంలో ఒక నెల తేడా వస్తుంది. "కార్తికంలో" అని ఎవరైనా అంటే పౌర్ణమికి ముందా తరువాతా అని అడగండి, దీపావళికి ఎన్నాళ్లు అటూ ఇటూ అని అడగండి. తేదీ పట్టుకోవడానికి పనికొచ్చే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. విదర్భలో ఎడ్లను అలంకరించే పోళా, మనవారి పోలాల అమావాస్య ఒకే శ్రావణ అమావాస్యన వస్తాయి. ఒడిశాలో జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ మూడు రోజులు ఆడపిల్లలెవరూ మరచిపోరు. ఆ జిల్లాలో దొరికే గోడ క్యాలెండర్ ఒకటి, తెలుగు పంచాంగ క్యాలెండర్ ఒకటి కంప్యూటర్ పక్కన తగిలించండి. ఇంత ఆధునిక వ్యవస్థకు ఇంతకన్నా పనికొచ్చే పరికరం నేను చూడలేదు.

తేదీ ఊహించి వేయవలసి వస్తే, అంచనా అని తెలిపే గడి ఉంటే దాన్ని గుర్తించండి, లేకపోతే రిమార్కులో రాయండి. తొలి నెలల స్కానింగ్ ఉంటే దాని ఆధారంగా వచ్చిన తేదీ కూడా రాయాలి. కాన్పు తేదీ లెక్క చేత్తో వేస్తే, తెర చూపేదానికి ఒకటి రెండు రోజులు తేడా రావచ్చు. 2025 మార్చి 30కి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే 2026 జనవరి 6 వస్తుంది, 280 రోజులు లెక్కపెడితే జనవరి 4 వస్తుంది. రెండూ వాడుకలో ఉన్న పద్ధతులే, దానికి కంగారు పడి తేదీ మార్చకండి.

గంటలు ఇరవైనాలుగు గంటల పద్ధతిలోనే రాయండి. అర్ధరాత్రి దాటిన కాన్పుల దగ్గర గందరగోళం పుడుతుంది. సోమవారం రాత్రి ఒంటిగంటకు పుట్టాడని తాతగారు అంటారు, మన పెద్దలకు తెల్లవారితే గాని రోజు మారదు. తెరకు అది మంగళవారం, 01:00. జనన ధ్రువపత్రంలో పడేది ఇదే తేదీ కాబట్టి కుటుంబానికి అక్కడే వివరించి చెప్పండి. తరువాత వచ్చి మార్చమంటే ఎవరికీ చేతకాని పని అవుతుంది.

పాత రిజిస్టర్ల నుంచి ఎక్కించేటప్పుడు అంకెలు రెండుసార్లు చూడండి. మరాఠీ ఒకటి, చూపు తప్పితే తొమ్మిదిలా ఉంటుంది. ఒడియా నాలుగు ఎనిమిదిని తలపిస్తుంది. బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అన్నీ అంకెలే కదా.

5. మంచం దగ్గర రాయండి, డ్యూటీ చివర కాదు

రాత్రి డ్యూటీ ముగిసే ముందు కూర్చుని ఆరు మంచాల బీపీలు ఒక్కసారిగా ఎక్కించడం పాత అలవాటు. కాగితం కాలంలో అది ఎవరికీ కనిపించేది కాదు. ఇప్పుడు తెర ఎక్కించిన సమయాన్ని కూడా పట్టి ఉంచుతుంది. రాత్రి 2 గంటలకు చూసిన నాడిని ఉదయం 7 గంటలకు ఎక్కిస్తే, చూసిన సమయం గడిలో 02:00 అని మీరే మార్చాలి. లేకపోతే రక్తస్రావం ఉన్న బాలింత నాడి ఉదయం ఏడింటికి ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది, అయిదు గంటల ముందే మొదలైందని ఎవరికీ తెలియదు.

వైద్యం మాత్రం ఎప్పుడూ ముందు. మూర్ఛ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నప్పుడు తెర వైపు చూడనవసరం లేదు. చేతిమీదో గాజుగుడ్డ ప్యాకెట్ మీదో గడియారం సమయం గీసుకుని, స్థిమితపడ్డాక ఎక్కించండి. ఇచ్చిన సమయం, ఎక్కించిన సమయం రెండూ నిజాయితీగా ఉంటే చాలు.

ఖాళీ గడికీ "లేదు" అన్న గడికీ చాలా తేడా ఉంది. మందుల అలర్జీ గడి ఖాళీగా ఉంటే అడగలేదని అర్థం, "తెలిసినంతలో లేదు" అని ఉంటే అడిగారని అర్థం. అవతలి నర్సు ఆ తేడా మీదే ఆధారపడుతుంది. అడగకుండా "లేదు" నొక్కడం ఖాళీగా వదలడం కన్నా ప్రమాదకరం. కొన్ని సాఫ్ట్‌వేర్లు ముందే ఏదో ఒక జవాబు నింపి పెడతాయి. అలాంటి గడులు ఏవో మీ తెరమీద గుర్తుపట్టి పెట్టుకోండి.

నిన్నటి నోట్సును కాపీ చేసి ఈరోజు అతికించడం మహా ఆకర్షణ. మూడు రోజుల క్రితం తీసేసిన మూత్రపు గొట్టం కాగితాల్లో ఇంకా అలాగే ఉండటానికి కారణం అదే. రెండు వాక్యాలైనా కొత్తగా రాయండి: ఏమి చూశారు, ఏమి చేశారు, తరువాత ఎలా ఉంది. రోగి మాటలు ముఖ్యమనిపిస్తే ఆయన మాటల్లోనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాయండి. "గుండె దడ" అన్నాడా, "గుండెల్లో మంట" అన్నాడా అన్నది డాక్టరు అడుగుతాడు.

ఈ జిల్లాల్లో ప్రత్యేకంగా చూడవలసినది సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష ఫలితం. 2023 జులై 1న మొదలైన జాతీయ నిర్మూలన మిషన్‌లో ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్ర, తెలంగాణ అన్నీ ఉన్నాయి. నలభై ఏళ్ల లోపువారిని పరీక్షిస్తున్నారు. సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు అని గడిలో పెట్టకూడదు. జబ్బు లేకుండా ఆ జన్యువును మోసే వాహకుడికీ, రోగికీ ఆ పరీక్షలో తేడా తెలియదు. ల్యాబ్‌లో చేసే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలెక్ట్రోఫొరెసిస్ పరీక్షతో తేలేదాకా "నిర్ధారణ కావాలి" అనే స్థితిలోనే ఉంచండి. వాహకురాలిని రోగిగా నమోదు చేస్తే ఆ ముద్ర పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది.

6. మందుల జాబితాలో వేలు జారకుండా

మొదటి మూడు అక్షరాలు కొట్టగానే జాబితా జారుతుంది, పైనున్నదాన్ని నొక్కేస్తాం. ఒకేలా కనిపించే పేర్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మందు పేరు, బలం, రూపం మూడూ చదివాకే నొక్కండి. నోట్సులో చేత్తో కొట్టవలసి వస్తే అర మిల్లీగ్రామును సున్నాతో మొదలుపెట్టి 0.5 అని రాయండి. అయిదుకు చివర చుక్క, సున్నా పెట్టవద్దు, చుక్క కనిపించకపోతే యాభై అవుతుంది. ఇన్సులిన్ యూనిట్లను పొట్టి అక్షరంతో రాయకుండా పూర్తి మాటగా రాయండి. తెర ఎర్ర హెచ్చరిక చూపితే మూసేసే ముందు ఒక్కసారి చదవండి. రోజుకు వంద హెచ్చరికలు వస్తే ఎవరికైనా విసుగే, కానీ అలర్జీది, మోతాదుది మాత్రం ఎప్పుడూ దాటేయకూడదు. మందు ఇచ్చాకే "ఇచ్చాము" అని గుర్తు పెట్టాలి. ట్రాలీ సర్దుతూ ముందే పెట్టేస్తే, రోగి వాంతి చేసుకున్నా, వద్దన్నా రికార్డులో మందు లోపలికి వెళ్లిపోయినట్టే.

7. తప్పు పడితే

చెరిపేయకండి. కాగితంమీద ఒక్క గీత కొట్టి, సంతకం, సమయం పెట్టేవాళ్లం కదా, ఇక్కడా పద్ధతి అదే. సవరణ గడి ఉంటే దానిలో, లేకపోతే కొత్త నోట్‌లో "పలానా సమయపు నమోదు ఈ రోగిది కాదు" అని రాసి సరైనది పక్కన రాయండి. ఒకరి వివరాలు మరొకరి రికార్డులో పడితే డాక్టరుకు నోటితో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన అప్పటికే దాన్ని చూసి మందు రాసి ఉండవచ్చు. జంట రికార్డులు కనిపిస్తే మీరే ఒకటి తీసేయకండి. రెండు సంఖ్యలూ రాసి కలపమని సాఫ్ట్‌వేర్ బాధ్యులకు పంపండి.

8. కరెంటు, నెట్‌వర్క్ లేనప్పుడు

మల్కనగిరిలోనో సిరోంచలోనో వానాకాలంలో పనిచేసినవారికి ఇది అరుదైన సంఘటన కాదు. తెరమీద ఉన్న గడుల వరుసలోనే ముద్రించిన కాగితపు ఫారాల కట్ట ఒకటి వార్డులో ఉండాలి. ఖాళీ తెల్లకాగితంపై రాస్తే తిరిగి ఎక్కించేటప్పుడు సగం గడులకు సమాచారం ఉండదు. ప్రతి ఫారంపై పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, సమయం తప్పనిసరి. నెట్‌వర్క్ తిరిగొచ్చాక ముందుగా అలర్జీలు, ఇచ్చిన మందులు, ల్యాబ్ ఫలితాలు ఎక్కించండి, బరువు, ఎత్తు వంటివి తరువాత. ఎక్కించిన కాగితం మూలన తేదీ, సంతకం పెట్టి ఫైలులో ఉంచండి, చించేయవద్దు.

అన్మోల్ లాంటివి నెట్ లేకుండా కూడా నడుస్తాయి, సమాచారం ట్యాబ్‌లో దాగి తరువాత పైకి వెళ్తుంది. అందుకే మారుమూల ఊరి నుంచి తిరిగి వచ్చాక సింక్ అయిందో లేదో చూడటం చివరి పని. సింక్ కాని ట్యాబ్ పాడైతే ఆ రోజు శ్రమంతా పోతుంది.

9. గుట్టు

వరండాలో గొంతెత్తి "హెచ్ఐవీ రిపోర్టు ఎవరిది?" అని అడగడం ఎంత తప్పో, ఆ తెరను తెరిచి టీకి వెళ్లడం అంతే తప్పు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ సమాచారాన్ని రోగి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. మన దగ్గర అసలు చిల్లు వాట్సాప్. సలహా కోసం కేస్ షీటు ఫొటో డాక్టరుకు పంపవలసి వస్తే పేరు, సంఖ్య కనిపించకుండా తీసి, గ్రూపులో కాకుండా ఆయనకు ఒక్కరికే పంపి, ఫోనులోంచి తీసేయండి. చిన్న ఊళ్లలో పేరు దాచినా "మూడో మంచం" అంటే చాలు, ఊరంతా పోల్చుకుంటుంది. మీ బంధువు రికార్డు అయినా సరే, మీ డ్యూటీలో లేకపోతే తెరవకండి. ఎవరు తెరిచారో తెరకు తెలుస్తుంది.

10. సరిహద్దు దాటి పంపేటప్పుడు

ఒక రాష్ట్రపు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మరో రాష్ట్రంలో అదే రూపంలో తెరుచుకుంటుందని లెక్క వేసుకోవద్దు. ఆభాకు జోడించి, రోగి సమ్మతి ఇస్తే కొంత చేరవచ్చు. అయినా కాగితం ఇవ్వండి. రిఫరల్ పత్రాన్ని ముద్రించి, స్థానిక భాషలో ఉన్న మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయో లేదో చూడండి. ఒడియాలో రాసిన మందుల చార్టు విశాఖలో ఎవరికీ ఉపయోగపడదు, మరాఠీలో రాసినది వరంగల్‌లోనూ అంతే.

పత్రంలో తప్పనిసరిగా ఉండవలసినవి: అన్ని గుర్తింపు సంఖ్యలు, అలర్జీలు, చివరి బీపీ, నాడి, వాటి సమయం, చివరిగా ఇచ్చిన మందు, మోతాదు, సమయం, ఇంకా రావలసిన ల్యాబ్ ఫలితాలు, వార్డు ఫోను నంబరు. మెగ్నీషియం సల్ఫేట్ ఎంత, ఎప్పుడు ఇచ్చారన్నది రాయకుండా గర్భిణిని పంపితే, అవతలివారు మళ్లీ మొదటి మోతాదు నుంచి ఇవ్వాలో వద్దో తేల్చుకోలేరు.

క్షయ రోగి ఊరు మారుతుంటే నిక్షయ్‌లో బదిలీ చేసే వీలుంది, అవతల కొత్తగా నమోదు చేయనివ్వకండి. నెలకు రూ.1,000 పోషణ సాయం, 2024 నవంబరు 1కి ముందు రూ.500 ఉండేది, ఆ ఐడీ వెంటే నడుస్తుంది. పుట్టింటికి వెళ్లే గర్భిణి తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీలో ఆర్‌సీహెచ్ సంఖ్యను పెద్ద అక్షరాల్లో రాసి, కాన్పయ్యాక ఆ కార్డు మళ్లీ తెమ్మని చెప్పండి. పత్రం, కార్డు అన్నిటినీ ఫొటో తీసి రోగి వెంట వెళ్లే మనిషి ఫోనులో పెట్టించండి. ఆయన దగ్గర మామూలు ఫోనే ఉంటే, సంఖ్యలన్నీ ఒక చిన్న చీటీమీద రాసి కార్డు అట్ట లోపలికి అంటించండి. అంబులెన్సు కదిలాక, అవతలి లేబర్ రూముకు ఫోను చేసి పేరు, వయసు, బయలుదేరిన సమయం చెప్పి, ఎవరితో మాట్లాడారో ఆ సిస్టర్ పేరును మీ నోట్‌లో సమయంతో సహా నమోదు చేయండి.